కుప్ప మీద పడిన పొద్దు

2019 మే 14న న్యూయార్క్‌లోని సోథెబీస్ వేలంశాలలో ఒక నూనెరంగుల చిత్రం 11 కోట్ల 7 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆనాటి మారకం లెక్కన మన డబ్బులో 770 కోట్ల రూపాయలకు పైమాటే. ఆ చిత్రంలో రాజు లేడు, యుద్ధం లేదు, దేవుడూ లేడు. కోతలైన పొలంలో ఒక కుప్ప, దాని మీద పడిన వెలుగు. అంతే. 1890లో ఫ్రాన్స్‌లోని జివెర్నీ అనే పల్లెలో క్లాడ్ మోనే అనే చిత్రకారుడు తన ఇంటి పక్క పొలంలో నిలబడి వేసిన వరుస చిత్రాల్లో అదొకటి.

ఈ వార్త మహమ్మద్‌నగర్‌లోనో, ఎల్లారెడ్డి బస్టాండులోనో చెబితే ఎవరైనా మొదట అడిగే మాట ఒకటే: ‘కుప్ప బొమ్మకు అన్ని కోట్లా? ఏముందందులో?’ అడగాల్సిన ప్రశ్నే. నిజాంసాగర్ ఆయకట్టు కింద పుట్టి పెరిగిన మనిషికి కుప్ప అంటే ఏమిటో పారిస్ నగరంలో బొమ్మలు కొనే ధనవంతుడి కంటే బాగా తెలుసు. అందుకే ఆ ప్రశ్నకు ఇక్కడి పొలం గట్టు మీద నుంచే జవాబు వెతకడం నయమనిపించింది.

ముందుగా, ఆ చిత్రంలో ఉన్నది ఎలాంటి కుప్పో తెలియాలి. అది పశువుల మేతకు వేసిన గడ్డివాము కాదు. గింజ రాలని గోధుమ కట్టల కుప్ప. వెన్నులు లోపలికి, కోసిన మొదళ్లు బయటికి వచ్చేలా గుండ్రంగా పేర్చి, పైన గడ్డితో గొడుగులా కప్పు వేసేవాళ్లు. వాన పడితే నీరు జారిపోవాలి, లోపల గింజ తడవకూడదు. ఎత్తు మూడు మీటర్ల నుంచి ఆరు మీటర్ల దాకా ఉండేది. అప్పటికి ఆ ప్రాంతానికి నూర్పిడి యంత్రాలు వచ్చాయి కానీ ఊరూరా లేవు. ఒక ఊరి పని ముగించుకుని ఇంకో ఊరికి వంతుల వారీగా వెళ్లేవి. అందుకే ఎండాకాలం చివర కోసిన పంట ఫిబ్రవరి, మార్చి దాకా కుప్పల్లోనే ఉండేది. శరదృతువు ఎండ, చలికాలపు పొగమంచు, గడ్డకట్టిన మంచు, ఆ మంచు కరిగే రోజులు, అన్నీ ఆ కుప్పల మీదుగానే సాగిపోయేవి. చిత్రకారుడికి కావలసిన అవకాశం అదే.

మన వైపూ ఈ పద్ధతి తెలియనిది కాదు. వరి కోసి, కట్టలు కట్టి, వెన్ను లోపలికి పెట్టి కుప్ప వేసి, కల్లం సిద్ధమయ్యాక బంతి తిప్పి వడ్లు రాల్చిన రోజులు పెద్దవాళ్లకు బాగా గుర్తు. ఆ తర్వాతే గడ్డివాము పడేది. ఇప్పుడు హార్వెస్టర్ పొలంలో దిగితే గంటల్లో వడ్లు ట్రాక్టర్‌లోకి వచ్చేస్తున్నాయి. అక్కడి నుంచి రోడ్డు పక్కన పరిచిన పట్టాల మీదికి, ఆ పైన కొనుగోలు కేంద్రానికి. మధ్యలో కుప్ప అనే దశే లేకుండా పోయింది. పదేళ్ల పిల్లవాడు ఈ ఆయకట్టులోనే పుట్టినా వరికుప్పను చూసి ఉండకపోవచ్చు. మోనే చిత్రాల్లో ఉన్నదీ అలాంటి పంటపొలమే. తర్వాతి కాలంలో యంత్రాలు ఆ కుప్పలనూ పొలాల్లో లేకుండా చేశాయి.

మోనే 1840లో పారిస్‌లో పుట్టాడు. పెరిగింది సముద్రపు ఒడ్డున ఉన్న లె హావ్ర్ అనే రేవు పట్నంలో. కుర్రతనంలో మనుషుల మీద వ్యంగ్య చిత్రాలు గీసి నాలుగు డబ్బులు సంపాదించేవాడు. అక్కడే ఉండే యూజెన్ బూదేన్ అనే చిత్రకారుడు అతణ్ని రంగుల పెట్టెతో సహా బయటికి తీసుకుపోయి, ఆకాశం కిందే చిత్రం మొదలుపెట్టడం నేర్పాడు. ఈ రోజు అది పెద్ద విశేషంలా అనిపించదు. ఆ రోజుల్లో నూనెరంగుల చిత్రమంటే గదిలో వేసేది. బయటికి పోయి పెన్సిల్‌తోనో, చిన్న కాగితాల మీద రంగులతోనో నమూనా గీసుకోవచ్చు. అసలు చిత్రం మాత్రం గదిలో, నెలల తరబడి, ఊహతో నింపి పూర్తి చేయాలి.

ఇందుకు కామీ కోరో అనే మరో ఫ్రెంచి చిత్రకారుడి ఉదాహరణ చక్కగా సరిపోతుంది. 1826లో ఆయన ఇటలీలో నార్నీ అనే చోట, రోమన్ల కాలంలో కట్టి కూలిపోయిన వంతెన ఎదుట కూర్చుని కాగితం మీద నూనెరంగుల్లో చిన్న నమూనా వేశాడు. నది, విరిగిన కమానులు, దూరాన నీలంగా కొండలు, చురుక్కుమనే ఎండ. మరుసటి ఏడాది పారిస్ ప్రదర్శనకు అదే దృశ్యాన్ని రెట్టింపు కొలతల్లో గదిలో వేశాడు. అందులో గొర్రెల కాపరులు వచ్చి చేరారు, పక్కన గొడుగుల్లాంటి చెట్లు మొలిచాయి, నేల చదునైంది. మొదటిది ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది, రెండోది కెనడాలో. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నమూనాలోనే ఎండ ఎక్కువ. ఆనాటి పద్ధతి ప్రకారం మాత్రం నమూనాను ప్రదర్శనకు పెట్టడానికి లేదు. కోరో తర్వాతి తరం చేసిన పెద్ద పని, నమూనాలో ఉన్న ఆ ఎండనే అసలు చిత్రంగా నిలబెట్టడం.

దానికి ధైర్యం ఒక్కటే చాలలేదు, ఒక వస్తువు కూడా కావలసి వచ్చింది. నూనెరంగు ఎలా తయారవుతుందో తెలిస్తే ఇది అర్థమవుతుంది. మెత్తగా నూరిన రంగుపొడిని అవిసె నూనెలో కలిపి మళ్లీ మళ్లీ నూరితే వెన్నలాంటి ముద్ద వస్తుంది. నీళ్ల రంగు ఆరడం అంటే నీరు ఆవిరైపోవడం. అవిసె నూనె ఆవిరి కాదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, తనలో తాను ముడిపడి, కొన్ని రోజులకు పైన గట్టిపడుతుంది. లోపలి దాకా గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఈ ఆలస్యమే చిత్రకారుడికి వరం. తడి రంగులో ఇంకో తడి రంగు కలపవచ్చు, తప్పు పోతే గీకేయవచ్చు, ఆరిన పొర మీద మరో పొర వేయవచ్చు. దళసరిగా పూస్తే కుంచె వెంట్రుకల గీతలు కూడా గట్టిపడి అలాగే నిలిచిపోతాయి.

అయితే ఈ ముద్దను పొలానికి మోసుకుపోవడం ఎలా? 1841కి ముందు పంది మూత్రాశయపు తిత్తుల్లో నింపి మూతి కట్టేవాళ్లు. గుచ్చి పిండుకున్నాక తిత్తిని మళ్లీ మూయడం కుదిరేది కాదు. లోపలి రంగు ఎండిపోయేది. పగిలితే సంచి అంతా పాడే. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు మెత్తని తగరపు గొట్టానికి పేటెంటు తీసుకున్నాడు. పిండుకోవడం, మూత బిగించడం, జేబులో వేసుకోవడం. నేటి టూత్‌పేస్టు ట్యూబుకు పెద్దన్న అది. ఈ ట్యూబులు లేకపోతే తామెవరూ లేమని మోనే స్నేహితుడు రెన్వార్ తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. అదే శతాబ్దంలో రసాయన శాస్త్రం కొత్త రంగులనూ ఇచ్చింది. కోబాల్ట్ నీలం, ఫ్యాక్టరీలో తయారైన చవకైన అల్ట్రామెరైన్ నీలం, కాడ్మియం పసుపు, విరిడియన్ ఆకుపచ్చ. అంతకుముందు రాళ్లు నూరి తీసిన అల్ట్రామెరైన్ బంగారంతో పోటీపడే ఖరీదు. నీలం చవకైన తర్వాతే నీడలను ధారాళంగా నీలంతో వేసే అవకాశం సామాన్య చిత్రకారుడికి దొరికింది.

1874 ఏప్రిల్‌లో మోనే, రెన్వార్, పిస్సారో తదితరులు ప్రభుత్వ ప్రదర్శనతో సంబంధం లేకుండా సొంత ప్రదర్శన పెట్టారు. మోనే పొద్దుపొడుపు చిత్రం పేరును పట్టుకుని ఒక పత్రికా విమర్శకుడు వాళ్లను ఇంప్రెషనిస్టులని వెక్కిరించాడు. ఆ పేరే స్థిరపడింది. ఆ కథ చాలామంది రాశారు కాబట్టి ఇక్కడ ఇంతటితో వదిలి కుప్పల దగ్గరికే వద్దాం.

మోనే 1883లో జివెర్నీకి వచ్చి అద్దె ఇంట్లో దిగాడు. 1890లో ఆ ఇంటినే కొనుక్కున్నాడు. పక్కనే క్లో మోరాన్ అనే పొలం. ఆ ఏడాది ఎండాకాలం చివర అక్కడ కుప్పలు లేచాయి. మొదట ఎండకు ఒకటి, మబ్బుకు ఒకటి, రెండు చిత్రాలు చాలనుకున్నాడట. గీస్తూ ఉండగానే వెలుగు మారిపోయింది. మోనే భార్య కూతురు బ్లాంష్ కూడా చిత్రకారిణే. ఇంటికెళ్లి ఇంకో కాన్వాసు పట్టుకురమ్మని ఆమెను పంపాడు. అది వచ్చేలోపు వెలుగు మళ్లీ మారింది. ఇంకొకటి తెమ్మన్నాడు. అలా కాన్వాసులు పొలంలో వరుసగా పేరుకున్నాయి. ఎండ ఏ కాన్వాసులో ఉన్న ఎండతో సరిపోలితే ఆ కాన్వాసును ఎక్కించి, సరిపోయినంత సేపు వేసి, మారగానే దించి ఇంకొకటి ఎక్కించడం. మరునాడు అదే వేళకు మళ్లీ అదే కాన్వాసు.

1890 అక్టోబరులో తన మిత్రుడైన విమర్శకుడు జెఫ్రువాకు రాసిన ఉత్తరంలో మోనే తన కష్టం చెప్పుకున్నాడు. ఈ రోజుల్లో పొద్దు ఎంత తొందరగా వాలిపోతోందంటే తాను వెంట పరిగెత్తలేకపోతున్నానని, పని మరీ నెమ్మదైపోయి దిగులు పుడుతోందని రాశాడు. తనకు కావలసింది ఆ ఒక్క క్షణమని, అంతటా ఒకేలా పరుచుకున్న వెలుగనీ అన్నాడు. అమెరికా నుంచి వచ్చి పక్కింట్లో ఉన్న లిల్లా కాబట్ పెర్రీ అనే చిత్రకారిణి ఇంకో సంగతి రాసిపెట్టింది. తర్వాతి ఏడాది వేసిన పాప్లార్ చెట్ల చిత్రాల్లో ఒకదానికి మోనేకు దొరికిన వెలుగు రోజుకు ఏడు నిమిషాలే. ఒక ఆకు మీది నుంచి ఎండ తప్పుకోగానే ఆ కాన్వాసు పక్కన పెట్టేసేవాడు. ఆ చెట్లను వేలంలో కొన్న కలప వ్యాపారి నరికేయబోతే, చిత్రాలు పూర్తయ్యేదాకా ఆపమని మోనే తన వంతు డబ్బు కట్టాడు. పనిలో అంత పట్టుదల మనిషి.

ఇప్పుడు ఒక చిత్రం ముందు నిలబడదాం. బోస్టన్ లలితకళల మ్యూజియంలో ఉన్న, 1891 నాటి ‘కుప్ప, సూర్యాస్తమయం’. వెడల్పు దాదాపు 93 సెంటీమీటర్లు, ఎత్తు 73. ఒక మనిషి రెండు చేతులతో తేలిగ్గా ఎత్తుకుపోగలిగినంత. ఒక్కటే కుప్ప. వాలే పొద్దుకు ఎదురుగా నిలబడి చూస్తున్నాం కాబట్టి మనవైపున్న భాగమంతా నీడలో ఉంది. మామూలు మనిషిని ఆ నీడ ఏ రంగని అడిగితే నలుపనో, ముదురు గోధుమ రంగనో అంటాడు. మోనే అక్కడ నలుపు ముట్టుకోలేదు. దగ్గరికెళ్లి చూస్తే ఎరుపు, ముదురు నారింజ, ఊదా, నీలం గీతలు ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కుప్ప అంచున వెలుగు గీత నిప్పు అంటుకున్నట్టు ఎర్రగా మండుతుంది. నేల గులాబీ, పసుపు రంగుల్లో రేగుతుంది. గజం దూరంలో ఇవన్నీ రంగు మరకలే. నాలుగడుగులు వెనక్కి వేస్తే మరకలు కలిసి కుప్ప అవుతాయి, కుప్ప చుట్టూ సాయంత్రపు వేడి గాలి కూడా కనిపిస్తున్నట్టనిపిస్తుంది.

ఇది ఎలా జరుగుతుంది? నెమలికంఠం రంగు పట్టుచీర చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. పడుగు నీలం, పేక ఆకుపచ్చ. దారాలను విడివిడిగా చూస్తే రెండు రంగులు, చీరగా చూస్తే ఇంకేదో మూడో రంగు, కదిలిస్తే మెరిసే రంగు. రెండింటినీ ముందే కలిపి ఒకే అద్దకం వేసిన చీరకు ఆ మెరుపు రాదు. మోనే కుంచె గీతలు చేసేది కూడా అదే. ఈ సంగతిని శాస్త్రంగా రాసినవాడూ దారాల పనిలో ఉన్నవాడే కావడం నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం. షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త పారిస్‌లో గోబ్లెన్ నేత కార్ఖానాకు అద్దకాల విభాగం పెద్ద. నల్ల దారం సరిగా నల్లగా లేదని ఫిర్యాదులు వస్తే పరీక్షించాడు. అద్దకంలో లోపం లేదు. పక్కన ఏ రంగు దారం ఉందన్నదాన్ని బట్టి నలుపు మారిపోయి కనిపిస్తోంది. ఒక రంగు తన పక్క రంగును తనకు ఎదురు రంగు వైపు నెడుతుందని 1839లో పుస్తకం వేశాడు. నారింజ పక్కన నీలం మరింత నీలమవుతుంది, పసుపు పక్కన ఊదా మరింత ఊదా అవుతుంది. తర్వాతి చిత్రకారులకు ఆ పుస్తకం పెద్ద ఆసరా అయింది.

నీడ నీలంగా ఉండటం మాత్రం కంటి భ్రమ ఒక్కటే కాదు, బయట నిజంగా ఉన్న సంగతే. ఎండలో నిలబడ్డ కుప్పకు రెండు దీపాలు. ఒకటి సూర్యుడు, రెండోది ఆకాశం. సూర్యుడి వెలుగును కుప్ప అడ్డుకున్న చోట మిగిలేది ఆకాశపు వెలుగే. ఆకాశం నీలం కాబట్టి అది పరుచుకున్న నీడా నీలంగా ఉంటుంది. తెల్లని మంచు మీద ఇది మరీ స్పష్టం. చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో మోనే కుప్పల చిత్రాలు ఆరు ఉన్నాయి. ప్రపంచంలో మరే మ్యూజియంలోనూ అన్ని లేవు. వాటిలోని మంచు చిత్రాల్లో నీడలు నీలంగా పరుచుకుని ఉంటాయి. మన దగ్గర మంచు పడదు. ఎండిన వరిగడ్డి మీద, సున్నం కొట్టిన గోడ మీద, ఆరబోసిన వడ్ల మీద సాయంత్రం అయిదు గంటలకు పడే నీడను నిదానంగా చూడండి. మొదట నల్లగానే ఉంటుంది. రెండు నిమిషాలు చూశాక నీలం తేలుతుంది. నీడ అంటే నలుపని మన బుర్ర ముందే చెప్పేస్తుంది, కన్ను దాన్ని నమ్ముతుంది. మోనే సాధన అంతా ఆ ముందే తెలిసినదాన్ని పక్కన పెట్టడంలో ఉంది.

సెల్‌ఫోన్ ఫోటోలో ఆ నీలం ఎందుకు పూర్తిగా రాదని ఎవరైనా అడగవచ్చు. ఫోను కెమెరా వెలుగులోని రంగును తనంతట తానే సరిచేసి, తెల్లనిది తెల్లగా కనిపించేలా దిద్దుతుంది. సాయంత్రపు పసుపును కొంత కోసేస్తుంది, నీడల నీలాన్ని కొంత కోసేస్తుంది. దానికిచ్చిన పని అది. మోనే చేసిన పని సరిగ్గా దానికి ఎదురు.

ఒక సంగతి దాచకూడదు. ఈ చిత్రాలన్నీ మొదటి గీత నుంచి చివరి గీత దాకా ఆరుబయటే పూర్తయ్యాయన్న కథ చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. అది పూర్తి నిజం కాదు. పొలంలో మొదలుపెట్టిన కాన్వాసులను మోనే తర్వాత ఇంట్లో వరుసగా నిలబెట్టుకుని, ఒకదానితో ఒకటి పోల్చుకుంటూ వారాల తరబడి సవరించాడు. నూనెరంగు ఆరడానికి పట్టే కాలం కూడా అలా చేయించింది. ఒక పొర ఆరకుండా మీద ఇంకో దళసరి పొర వేస్తే బురదవుతుంది. ఆరుబయట పట్టుకున్నది వెలుగు, ఇంట్లో కుదిర్చింది చిత్రం. ఇది చెబితే మోనే గొప్పతనం తగ్గుతుందని భయపడేవాళ్లున్నారు. నాకైతే అది తగ్గేది కాదు. చూసింది చూసినట్టు మనసులో నిలుపుకుని, చెదరకుండా చివరికంటా తీసుకుపోవడం ఇంకా కష్టం.

మొదట్లో మనవాళ్లు అడిగే ప్రశ్నకు రెండో సగం ఉంది. కుప్ప సరే, రైతు ఏడి? ఇరవై అయిదు దాకా ఉన్న ఈ వరుసలో కోసినవాళ్లు, కట్టినవాళ్లు, కుప్ప వేసినవాళ్లు కనిపించరు. వెనక చెట్ల వరుస, ఇళ్ల కప్పులు లీలగా ఉంటాయి కానీ మనిషి లేడు. కుప్ప ఎవరిది, ఎన్ని బస్తాలు రాలుతుంది, కౌలు ఎంత పోతుంది అన్నవి ఈ చిత్రాల్లో దొరకవు. ఆయకట్టు మనిషికి ఇది వెలితిగా తోస్తే తప్పు పట్టలేం. మోనే కంటే ముందే, 1857లో, ఫ్రాన్స్‌వా మిలే అనే ఫ్రెంచి చిత్రకారుడు పరిగె ఏరుకుంటున్న ముగ్గురు ఆడవాళ్లను వేశాడు. ముందు నడుములు వంచిన ముగ్గురు, దూరంగా ఎండలో బంగారంలా మెరిసే పెద్ద పెద్ద కుప్పలు, వాటి దగ్గర గుర్రం మీద అజమాయిషీ చేసే మనిషి. పంట ఎవరిది, రాలిన వెన్ను ఎవరిది అన్న లెక్క మొత్తం ఆ ఒక్క చిత్రంలో ఉంది. పారిస్ పెద్దలకు అది నచ్చలేదు. మిలే కుప్పను దూరంగా పెట్టి మనిషిని ముందుకు తెచ్చాడు. మోనే మనిషిని తీసేసి కుప్పను ముందుకు తెచ్చాడు. రెండింటిలో ఒక్కటే ఇంట్లో పెట్టుకోమంటే నేను మిలేనే ఎంచుకుంటాను. చూపు నేర్చుకోవడానికి మాత్రం మోనే దగ్గరికే వెళతాను. పొద్దు కదలికను అంత ఓపికగా రాసిపెట్టినవాళ్లు అరుదు.

1891 మే నెలలో పారిస్‌లో దురాన్‌రుయెల్ అనే వ్యాపారి గ్యాలరీలో పదిహేను కుప్పలను ఒకే చోట వేలాడదీశారు. కొద్ది రోజుల్లోనే అమ్ముడుపోయాయి. పదిహేనింటిని పక్కపక్కన చూడటంలోనే అసలు విషయం ఉంది. ఒక్కటి చూస్తే కుప్ప కనిపిస్తుంది, వరుసగా చూస్తే పొద్దు, మంచు, మబ్బు కనిపిస్తాయి. 1896లో మాస్కోలో ఫ్రెంచి చిత్రాల ప్రదర్శనకు వచ్చిన ముప్పై ఏళ్ల న్యాయశాస్త్ర పండితుడు ఒకాయన ఈ వరుసలోని ఒక చిత్రం ముందు నిలబడి అదేమిటో పోల్చుకోలేకపోయాడు. జాబితా చూశాకే కుప్ప అని తెలిసింది. వస్తువు గుర్తుకు రాకపోయినా రంగు మనసును పట్టేసిందేమిటని ఆయన చాలా కాలం ఆలోచించాడు. అదే ఏడాది చిత్రకళ నేర్చుకోవడానికి మ్యూనిక్ వెళ్లిపోయాడు. ఆయనే వాసిలీ కాండిన్‌స్కీ. వస్తువే లేని నైరూప్య చిత్రకళకు దారి వేసినవాళ్లలో ముఖ్యుడు.

తెలుగునాట ఆకాశం కింద నిలబడి చూసి వేసినవాళ్లు లేకపోలేదు. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు, అక్కడి కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి వచ్చి, గోదావరి తీరపు దృశ్యాలనూ మనుషులనూ నీటిరంగుల్లో, నూనెరంగుల్లో వేశాడు. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయాడు. నిండా ఇరవై ఎనిమిదేళ్లు లేవు. ఆయన చిత్రాలు ఆయన పేరుతో ఉన్న గ్యాలరీలో రాజమహేంద్రవరంలోనే ఉన్నాయి. తెలంగాణలో కొండపల్లి శేషగిరిరావు హైదరాబాద్ చుట్టూ ఉన్న బండరాళ్లను జీవితమంతా చూసి, రాతి మీద పడే వెలుగునూ రాతి నెర్రెలనూ చిత్రాలకెక్కించాడు. మంజీర వైపు మాత్రం అలా ఒకే చోట కూర్చుని, ఒకే గట్టును ఏడాది పొడవునా వేసిన వరుస ఇంకా రావలసే ఉంది. రావాలని నా గట్టి కోరిక.

ఎందుకంటే ఆ చోటు అందుకు తగినది. మంజీర మీద నిజాంసాగర్ ప్రాజెక్టును ఏడో నిజాం కాలంలో, ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. దాదాపు మూడు కిలోమీటర్ల రాతికట్ట, ఒకవైపు జలాశయం, ఇంకోవైపు ఆయకట్టు పచ్చదనం. నిజాంసాగర్ మండలం నుంచి విడివడి కొత్త మండలమైన మహమ్మద్‌నగర్ ఊళ్లకు ఇది ఇంటి ముంగిటి దృశ్యం.

అయితే జివెర్నీ పద్ధతిని ఇక్కడ అచ్చంగా దించితే కుదరదు, వెలుగు వేరు. జివెర్నీ భూమధ్యరేఖకు ఉత్తరాన 49 డిగ్రీల దగ్గర ఉంది. చలికాలంలో సూర్యుడు అక్కడ మధ్యాహ్నం కూడా ఎత్తుకు రాడు. పొద్దు ఏటవాలుగా దిగుతుంది కాబట్టి సాయంత్రపు బంగారు వెలుగు చాలాసేపు సాగుతుంది. అలాంటి చోటే మోనే తొందరగా వాలిపోతోందని మొత్తుకున్నాడు. మనం 18 డిగ్రీల దగ్గర ఉన్నాం. ఇక్కడ పొద్దు దాదాపు నిటారుగా దిగుతుంది. ఆ ఎర్రని వెలుగు వచ్చినట్టే వచ్చి పోతుంది. మే నెల నడుమ ఒకసారి, జూలై చివర మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలిచి, నీడ పాదాల కిందికి పోతుంది. యాసంగి కోతల వేళ మధ్యాహ్నపు ఎండలో రంగులన్నీ పాలిపోయి కనిపించేది అందుకే. వానకాలపు పంట కోతకొచ్చే అక్టోబరు, నవంబరు నెలలు చూపుకు అనువైన కాలం. ఉదయం నీటి మీద పొగమంచు, వాలుగా పడే ఎండ, కొయ్యకాళ్ల మధ్య పొడుగాటి నీడలు. చిత్రకారుడు ఇక్కడ మోనే కంటే చిన్న కాగితం తీసుకుని, మోనే కంటే త్వరగా వేయాలి. నూనెరంగులే కావాలని లేదు. నీటిరంగుల పెట్టె ఒకటి, కాగితాలు పది ఉంటే ఒక రోజు వెలుగును పది ముక్కలుగా పట్టుకోవచ్చు.

అందుకే బడుల్లో డ్రాయింగ్ చెప్పే మాస్టార్లకు నాదొక మనవి. కొండల మధ్య సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు, కింద పడవ ఉన్న బొమ్మను పిల్లల చేత మళ్లీ మళ్లీ వేయించకండి. ఒక్క శనివారం వాళ్లను కట్ట మీదికో, చెరువు గట్టు మీదికో తీసుకెళ్లి, ఎదురుగా ఉన్న ఒక్క చెట్టును పొద్దున ఎనిమిదింటికి ఒకసారి, పదకొండింటికి ఒకసారి, సాయంత్రం అయిదింటికి ఒకసారి వేయించండి. గీత వంకర పోతే పోనివ్వండి. నీడకు నల్ల క్రేయాన్ వాడకూడదన్న ఒక్క నియమం పెట్టండి. మూడు కాగితాలనూ గోడకు వరుసగా అతికిస్తే మిగిలిన పాఠం పిల్లలే చెబుతారు.

అసలైన నూనెరంగుల చిత్రాన్ని కళ్లారా చూడాలంటే ఫ్రాన్స్ దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియంలో పాశ్చాత్య చిత్రాల గ్యాలరీ ఉంది. ఇటలీ చిత్రకారుడు కెనాలెట్టో వేసిన వెనిస్ నగరపు కూడలి అక్కడే చూడవచ్చు. మార్క్ అల్డిన్ అనే మారుపేరుతో వెనిస్ కాలువలను వేసిన ఫ్రెంచి చిత్రకారుడు ఆంత్వాన్ బువార్ పనీ ఆ మ్యూజియం సేకరణలో ఉంది. గుంపుతో గబగబా నడిచిపోకుండా ఒక్క చిత్రం ముందు పది నిమిషాలు నిలబడండి. మొదట దగ్గరగా, తర్వాత నాలుగడుగులు వెనక్కి. మ్యూజియానికి శుక్రవారం సెలవు. కామారెడ్డి నుంచి పిల్లలను తీసుకెళ్లేవాళ్లు ఆ ఒక్క రోజు తప్పించి బయలుదేరండి.